ఇల్లు వెదకు పెద్దలు: మతిమఱపు జబ్బుగల వృద్ధుల సంరక్షణము



చిన్నబిడ్డ తప్పిపోయినచో ఊరంతయు కదలి వెదకును. కాని డెబ్బదియైదేండ్ల వృద్ధుడు వీధివెంట నొంటరిగా నడచిపోవుచుండగా, ఆయన దారి తప్పినాడని యెవరికిని తోచదు. పెద్దమనిషి యేదో పనిమీద పోవుచున్నాడనుకొని మన దారిని మనము పోవుదుము. మతిమఱపు జబ్బుగల పెద్దలకు గలుగు గొప్ప యపాయ మిదియే. వారు తప్పిపోయినవారివలె కనబడరు. అట్టివారిని గుర్తించుట యెట్లు, కాపాడుట యెట్లు అనునదియే ఈ పాఠము.

1. ఇది జబ్బు; చాదస్తము కాదు

వయసు మీఱినకొలది కొంత మఱపు అందఱికిని సహజము. కండ్లజోడు ఎచ్చట పెట్టితినో యని వెదకుకొనుట అట్టి మఱపు. కండ్లజోడు చేతబట్టుకొని “ఇదేమి?” అని యడుగుట జబ్బు. దీనిని వైద్యులు డిమెన్షియా యందురు. ఇది యొక్క జబ్బు పేరు కాదు. మెదడును క్రమముగా క్షీణింపజేయు పలు జబ్బులకు ఉమ్మడి పేరు. వానిలో ముఖ్యమైనది అల్జీమర్స్ జబ్బు. జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1906వ సంవత్సరమున దీనిని మొదట వర్ణించెను. రక్తపుపోటు, చక్కెరజబ్బు మొదలగువానిచే మెదడులోని రక్తనాళములు చెడుటవలన గలుగునది మఱియొక రకము. మనదేశమున అఱువదేండ్లు నిండినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ స్థితిలో నున్నారని 2023లో ప్రకటింపబడిన యొక జాతీయ పరిశోధనము తెలుపుచున్నది.

మెదడులో హిప్పోకాంపస్ అను చిన్న భాగము కలదు. క్రొత్త సంగతులను దాచుకొనుటకును, మనమున్న చోటు గుర్తించి దారి కనుగొనుటకును అది మిక్కిలి యవసరము. అల్జీమర్స్ జబ్బు తఱచుగా ఈ భాగమునే మొదట పట్టును. అందుచే నిన్నటి మాట పోవును. ఏబదియేండ్లనాటి మాట నిలుచును. నేటి యిల్లు పరాయిదగును. చిన్ననాటి యిల్లు స్వంతమై కన్నులయెదుట నుండును. ఈ యొక్క సంగతి బాగుగా గ్రహించినచో, తక్కిన పాఠమంతయు సులభముగా బోధపడును.

తల్లిదండ్రులకు ఇచ్చట నొక మాట. థైరాయిడు లోపము, బి12 విటమిను కొఱత, కొన్ని మందులు, ఇవియు మతిమఱపును గలిగించును. ఇట్టివి చికిత్సకు లొంగునవి. కావున “ముసలితనము” అని విడువక వైద్యునికి చూపవలెను. రెండు మూడు దినములలోనే ఒక్కసారిగా మతి తప్పి కలవరించుచో, జ్వరమో మూత్రసంబంధమైన రోగమో కారణము కావచ్చును. అప్పుడు ఆలస్యము చేయక ఆసుపత్రికి గొనిపోవలెను.

2. వారెచ్చటికి పోవుచున్నారు?

ఈ జబ్బుగల పదిమందిలో ఆఱుగురు ఎప్పుడో యొకప్పుడు దారి తప్పుదురని అమెరికాలోని అల్జీమర్స్ సంఘమువారు చెప్పుదురు. దీనిని మనము “ఊరక తిరుగుట” యందుము. ఆ మాట సరియైనది కాదు. నేను దీనిని మా యింటనే నేర్చుకొంటిని.

మా మేనత్తగారి స్వగ్రామము మానేరు ఒడ్డున నుండెడిది. మధ్య మానేరు జలాశయము కట్టినప్పుడు కొదురుపాక, చింతలఠాణా, అనుపురము, సంకెపల్లి మొదలగు గ్రామములతోపాటు ఆ యూరును నీట మునిగెను. ఆమె కుటుంబము పునరావాస కాలనీకి మాఱెను. కొన్ని యేండ్లకు ఆమెకు ఈ జబ్బు పట్టెను. ప్రతిదినము సాయంకాలము కాగానే ఆమె కొంగు సర్దుకొని, చేతిసంచి పట్టుకొని గడప దాటెడిది. “పొద్దుగూకుతున్నది బిడ్డా. బఱ్ఱెలు ఇంటికొచ్చే యాళ్ళయింది. నేను పోవాలె,” అనెడిది. బఱ్ఱెలను అమ్మి చాల యేండ్లయినది. “ఊరు మునిగిపాయె గదా అత్తా, ఎక్కడికి పోతవు?” అని మేమందుము. అనిన ప్రతిసారియు, ఆ వార్తను అప్పుడే మొదట వినినట్లు ఆమె నెత్తి కొట్టుకొని యేడ్చెడిది. మేము నిజము చెప్పుచున్నామనుకొంటిమి. ప్రతిసాయంకాలము ఆమె యూరిని మేమే మరల ముంచుచుంటిమని మాకు తెలియలేదు.

ఒకనాడు మేము చూడనివేళ ఆమె వెడలిపోయెను. చీకటి పడువఱకు పేరుపెట్టి పిలుచుచు వెదకితిమి. చివరకు గొఱ్ఱెలు కాయు బాలు డొకడు జలాశయమునకు పోవు పాత బాటప్రక్కన తుమ్మపొదల చాటున ఆమెను చూచెను. కొంగు ముండ్లకు చిక్కుకొనగా అచ్చటనే కూర్చుండియుండెను. మా కేకలు వినబడునంత దూరముననే యున్నను ఆమె పలుకలేదు. ఆ బాలుడు కేకలు వేయలేదు, “అవ్వా, ముండ్లల్ల కూసున్నవేందే?” అని దగ్గఱకు పోయి కొంగు విడిపించి, చేయి పట్టుకొని తీసికొనివచ్చెను.

ఆ పిమ్మట మేము మాఱితిమి. “ఎన్ని బఱ్ఱెలత్తా? ఏది ఎక్కువ పాలిచ్చేది?” అని యడుగ నారంభించితిమి. ఆమె ముఖము వికసించెడిది. నాలుగు గంటలకే ఎవరో యొకరము ఆమెతో కూడ కాలనీ చుట్టు నడచి, ఇంటికి వచ్చి, చాటలో బియ్యము పోసి యిచ్చెడివారము. చెఱుగుచు కూర్చుండెడిది. సాయంకాలపు గండము చాలవఱకు అట్లు గడచెను.

ఇట్టి సంగతులు మన జిల్లాలలో పలువిధములు. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతములందు బొగ్గుగనిలో ముప్పదియేండ్లు పనిచేసిన తాత తెల్లవాఱుజామున లేచి మొదటి షిఫ్టునకని బయలుదేరవచ్చును. సిరిసిల్లలో నేతగాడు మగ్గమును వెదకవచ్చును. జగిత్యాల పల్లెలలో బీడీలు చుట్టి బిడ్డలను పెంచిన యవ్వ, బీడీలు ఒప్పజెప్పుటకని కార్ఖానాదారి పట్టవచ్చును. వారి నడకకు అర్థము కలదు. ఆ అర్థము తెలిసినవాడు జాడను తెలిసికొనగలడు. తెలియనివాడు తలుపునకు తాళము మాత్రమే వేయగలడు.

3. మన ప్రాంతమందలి యపాయములు

మొదటిది నీరు. దిగువ మానేరు, మధ్య మానేరు, ఎల్లంపల్లి జలాశయములు, కాకతీయ కాలువ, చెఱువులు, గట్టులేని వ్యవసాయపు బావులు మన పల్లెలచుట్టు కలవు. రెండవది ఋతువు. రామగుండము, మంచిర్యాల ప్రాంతములలో మే నెల యెండ 45 డిగ్రీలు దాటుట కలదు. ఆదిలాబాదు ఏజన్సీలో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీలకు దిగువకు పోవును. ఎండలో నీరులేక గాని, చలిలో కప్పుకొనక గాని వృద్ధదేహము ఎక్కువ గంటలు నిలువజాలదు.

మూడవది వాహనము. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రపు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది. ఇది మేలైన సదుపాయమే. అయినను చేతిలో పైసలేని అవ్వయు ఇప్పుడు బస్సెక్కి వందమైళ్ళు పోవచ్చునని మనము గుర్తుంచుకొనవలెను. పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, సిర్పూరు కాగజ్‌నగరముల మీదుగా పోవు రైలు బల్లార్షాకు, అనగా మహారాష్ట్రమునకు చేర్చును. అచ్చట మన మాట తెలియనివారే ఎక్కువ.

నాలుగవది మన అజ్ఞానము. రాత్రివేళ పరుల వాకిట నిలిచిన వృద్ధుని దొంగ యని గాని, చేతబడి చేయువాడని గాని అనుమానించుట కలదు. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతులు తెలంగాణ పల్లెలలో వ్యాపించినప్పుడు నిరపరాధులు దెబ్బలు తినిరి. అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేని వృద్ధుడు అట్టి గుంపునకు చిక్కినచో ఏమగునో యోచింపుడు. నీటికి గట్టు కట్టవచ్చును. వదంతికి జ్ఞానమే గట్టు.

4. ఇంటిలో చేయదగిన జాగ్రత్తలు

ముందుగా, వారు లేచిపోవుటకు కారణమేమో చూడవలెను. ఆకలియో, దాహమో, మూత్రవిసర్జనమో, నొప్పియో, తోచకపోవుటయో యుండవచ్చును. నోట చెప్పలేక కాళ్ళతో చెప్పుదురు. మరుగుదొడ్డి తలుపు తెఱచియుంచి, రాత్రి చిన్న దీపము వెలుగనీయవలెను. ప్రతిదినము ఒకే వేళకు తోడుగా నడిపించి తీసికొనిరావలెను. నడచిన కాలు రాత్రి నిదురపోవును.

వీధితలుపునకు గజ్జెలో చిన్నగంటయో కట్టినచో తెఱచినప్పుడెల్ల మ్రోగును. గొళ్ళెమును చూపునకు తగులనట్లు మిక్కిలి పైన గాని, మిక్కిలి క్రింద గాని అమర్చవచ్చును. ప్రయాణమును జ్ఞప్తికి తెచ్చు చేతిసంచి, చెప్పులు, గొడుగు గుమ్మమువద్ద వ్రేలాడనీయరాదు. పెరటిబావికి మూత యుండవలెను. కాని వారిని లోపలబెట్టి తాళమువేసి అందఱును పొలమునకు పోరాదు; నిప్పంటుకొన్నచో వారికి దారి యుండదు. కట్టివేయుట యసలే కూడదు. కట్టుతో భయము హెచ్చును, భయముతో పెనుగులాట హెచ్చును.

పేరు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు చెక్కించిన కడియమొకటి చేతికి తొడుగవలెను. చీటి జేబులోనుండి పడిపోవును, కడియము పడదు. అదే నంబరును చీరె అంచున, అంగీ లోపల కుట్టవచ్చును. క్రొత్త ఫోటో యొకటి సిద్ధముగా నుండవలెను. ఉన్నచోటు తెలుపు చిన్న యంత్రములు కూడ దొరకుచున్నవి. అయితే అవి బ్యాటరీ తీఱినచో పలుకవు, ఒంటిమీద లేనిచో పనికిరావు. అన్నిటికంటె ముఖ్యము, ఈ జబ్బును దాచకుండుట. ఇరుగుపొరుగువారికి, కిరాణపు దుకాణదారునికి, ఆటోవారికి, బస్సుస్టాండువారికి చెప్పి, “మా నాయన ఒక్కడే కనబడితే ఆపి ఫోను చేయుండ్రి,” అని కోరవలెను. సిగ్గుపడి దాచిన యింటిలో ఇద్దఱు కావలియుందురు. చెప్పుకొన్న యింటికి వాడయంతయు కావలియుండును.

5. కనబడనిచో

మొదట ఇల్లు, పెరడు, పశువులకొట్టము, మేడమెట్ల క్రింద, మంచముల చాటు వెదకుడు. దానికి పది పదునైదు నిమిషములకంటె ఎక్కువ వలదు. దొరకనిచో వెంటనే 112 నంబరునకు తెలుపవలెను. ఇరువదినాలుగు గంటలు గడచినగాని పోలీసువారికి చెప్పరాదని కొందఱనుకొందురు. అట్టి నియమమేదియు లేదు. ఒకరు ఇంటిలోనే యుండవలెను. వారు తమంత తామే తిరిగి రావచ్చును. తక్కినవారు ముందుగా నీటివైపు, పిమ్మట పాత యింటి దారిని, పాత పనిచోటి దారిని, బస్సుస్టాండును, రైలుస్టేషనును చూడవలెను. రైళ్ళ విషయమై 139 నంబరు కలదు. వేములవాడ, ధర్మపురి, బాసరవంటి క్షేత్రములలో అన్నసత్రములను గూడ విచారింపవలెను.

తప్పిపోయినవారిని వెదకు పద్ధతులను పరిశోధించిన అమెరికావాసి రాబర్ట్ కోస్టర్ గమనించిన దేమనగా, కాలినడకను పోవు ఇట్టి వృద్ధులు అడ్డు తగులువఱకు ముందుకే పోవుదురు. పొదలలోనో కాలువలలోనో చిక్కుకొందురు. పిలిచినను తఱచుగా పలుకరు. సాయముకొఱకు కేకయు వేయరు. మా మేనత్తగారి విషయమున జరిగినది సరిగా నిదియే. కావున పిలుచుచు పోవుట చాలదు. ప్రతి పొదను, ప్రతి తూమును కన్నులతో చూడవలెను.

దొరకిన పిమ్మట గద్దింపరాదు. వారికి తప్పుచేసితిమను ఎఱుక లేదు. గద్దించిన ముఖము మాత్రము భయముగా నిలుచును. నీరిచ్చి, దెబ్బలేమైన తగిలినవేమో చూచి, “వచ్చితివి, మంచిదాయె,” అనిన చాలును.

6. మీకు దారిలో కనబడినచో

ఎండలో చెప్పులు లేక నడచువారిని, ఋతువునకు తగని బట్టలు కట్టినవారిని, ఒకేచోట మాటిమాటికి తిరుగువారిని, బస్సుస్టాండులో గంటలకొలది ఎవరికొఱకో చూచుచున్నవారిని గమనింపుడు. వెనుకనుండి పోయి పట్టుకొనరాదు. ఎదుటినుండి నెమ్మదిగా పోయి, “తాతా,” “అవ్వా,” అని పిలిచి, “కొద్దిసేపు నీడకు కూసుందాం పా,” అనుడు. ప్రశ్నమీద ప్రశ్న వేయకుడు. వాదింపకుడు. ఆయన గనికి పోవలెననినచో “గని ఎన్నడో మూసిరి” అనక, “నీళ్ళు తాగి పోదాం” అనుడు. మీలో నొకరు ప్రక్కన నిలువుడు, మఱియొకరు పెద్దవారిని పిలుచుకొనిరండు. మీరొంటరిగా వారి వెంట దూరము పోరాదు.

వారు చెప్పు చిరునామాను తోసివేయకుడు. “లక్షెట్టిపేట తాలూకా” అనువాడు వెఱ్ఱివాడు కాడు. 1985లో మండలములు ఏర్పడకముందు ఆయన యూరి చిరునామా అదియే. 2016 అక్టోబరు 11న మన కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల, కుమురం భీం ఆసిఫాబాదు అను క్రొత్త జిల్లాలేర్పడినవి. ఆ పేర్లు వారి జ్ఞాపకమునకు ఎక్కియుండవు. భాషయు నట్లే. జబ్బు ముదిరినప్పుడు పిమ్మట నేర్చిన భాష జాఱిపోయి తల్లిభాష నిలుచుట కలదు. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతముల వృద్ధులు గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ భాషలలోనే జవాబు చెప్పవచ్చును. అర్థములేని మాటలనుకొనక ఆ భాష తెలిసినవారిని పిలువవలెను. పిమ్మట 112 నంబరునకు గాని, వృద్ధుల సహాయమునకు ఏర్పడిన 14567 నంబరునకు గాని తెలుపవలెను. ఈ రెండవది ఉదయము ఎనిమిదింటినుండి రాత్రి ఎనిమిదింటివఱకు పలుకును.

7. మఱియొక బొగ్గుగనుల పట్టణము

ఒక్క ఇంటివారు ఎంత జాగ్రత్తపడినను ఏమారు క్షణ మొకటి యుండును. జపాను దేశమున ఓబు అను పట్టణములో 2007 డిసెంబరున తొంబదియొక్క యేండ్ల వృద్ధుడొకడు ఇట్లే వెడలి రైలుపట్టాలపై మరణించెను. ఎనుబదియైదేండ్ల ఆయన భార్య కొద్దిసేపు కునుకుపట్టిన సమయమున ఇది జరిగెను. రైళ్ళు ఆలస్యమైనందుకు రైల్వేసంస్థ ఆ కుటుంబముపై వ్యాజ్యము వేసెను. క్రింది కోర్టు 2013లో సుమారు 72 లక్షల యెన్నులు చెల్లింపుమనెను. 2016 మార్చి 1న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ కుటుంబమువారు బాధ్యులు కారని తీర్పుచెప్పెను. మన జిల్లాలనుండి వేలకొలది మగవారు గల్ఫు దేశములకు పోయిరి. వారి యిండ్లలో ముసలివారిని చూచునది ఒక్క కోడలే. ఆమెయు కునుకుపట్టక మానునా?

అదే జపానులో ఓముత అను పట్టణము కలదు. మన గోదావరిఖనివలె అదియు బొగ్గుగనుల పట్టణమే. 1997లో అచ్చటి మీకె గని మూతపడెను. యువకులు వెడలిపోగా వృద్ధులు మిగిలిరి. వారు 2004లో ఒక అభ్యాసమును ప్రారంభించిరి. ఒకరు దారితప్పిన వృద్ధునివలె పట్టణములో నడచుదురు. ఆయన గుర్తులు అందఱికిని సందేశముగా పంపబడును. పౌరులు, దుకాణదారులు, పాఠశాలల పిల్లలు ఆయనను గుర్తించి, పలుకరించి, క్షేమముగా చేర్చుట నభ్యసింతురు. కొన్ని యేండ్లకు వారు ఆ యభ్యాసపు పేరులోనుండి “ఊరక తిరుగుట” యను మాటను తీసివేసిరి. ఆ పెద్దల నడకకు గమ్యము కలదని గ్రహించిరి.

ఇట్టి యభ్యాసమునకు ధనమక్కఱలేదు. మన పాఠశాలలో నొక శనివారము సాయంకాలము దీనిని చేయవచ్చును. ఉపాధ్యాయులలో నొకరు తాతగా నడచెదరు. మీరు పలుకరింప నేర్చుకొనుడు. నా మేనత్తను కనుగొన్న బాలునికి ఈ పాఠమెవరును చెప్పలేదు. అతడు గొఱ్ఱెపిల్లను వెదకినట్లు పొదలలో చూచెను. అవ్వను పిలిచినట్లు పిలిచెను. మీకు పాఠము కూడ లభించినది.

అభ్యాసము

1. మీ యింటి పెద్దలవద్ద కూర్చుండి, వారు పుట్టిన యూరు, ఆడిన వీధి, పనిచేసిన చోటు, నీరు తెచ్చిన బావి, ఇవి గుర్తించిన యొక పటమును గీయుడు. వారికి జ్ఞాపకముండగానే గీయుడు. అవసరమైన దినమున వెదకువారికి అదియే దారి చూపును.

2. మీ వీధిలో మూతలేని బావులు, గట్టులేని కాలువలు ఎన్ని? లెక్కించి వ్రాసి మీ గ్రామపంచాయతి కార్యాలయమునకు గాని మునిసిపల్ కార్యాలయమునకు గాని ఇండు.

3. “ఇంటికి పోవుదును” అని యింటిలోనే కూర్చుండి యనెడి నాయనమ్మకు మీరేమి జవాబు చెప్పెదరు? రెండు వాక్యములలో వ్రాయుడు. ఆ వాక్యములలో “నీకు మతిలేదు” అను మాట యుండరాదు.